చూడకుండా పెట్టిన గీత

నేను ఒక హాజరు పట్టీని. విజయనగరంలో ఒక బైండింగు షెడ్డులో పుట్టాను. మైదా జిగురు సరిగ్గా ఆరకముందే కట్టింగు మిషను కింద పెట్టి మూడు వైపులా కోశారు. భయం నాకు అప్పుడే అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక మున్సిపల్ స్కూలుకు నన్ను పంపారు. అట్టమీద ఏడో తరగతి బి సెక్షనని రాసి, ముప్ఫై ఎనిమిది మంది పేర్లు నాలో ఎక్కించారు. పిల్లలు వస్తే పేరు పక్కన ఏటవాలు గీత, రాకపోతే ఎర్ర సిరాతో ‘ఏ’. ఇంత చిన్న పనికి ఇంత లావు పుస్తకం కుట్టడం మనుషులకే చెల్లింది.

నన్ను చేతపట్టింది వినీల. తణుకు పిల్ల, ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు పేదపిల్లల బడిలో సేవ చేస్తానని ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చింది. చదువులో వెనకబడ్డవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం ఆమె పని. కానీ మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు కదా, నెల తిరక్కుండానే హాజరు వేయడం, అన్నాల దగ్గర వరసలు నిలబెట్టడం కూడా ఆమె నెత్తిన పడ్డాయి. హెచ్చెమ్ శకుంతల గారి చెప్పుల చప్పుడు వినబడితే నన్ను గట్టిగా గుండెకు అదుముకునేది. భయపడేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఇష్టమే.

నాలో ముప్ఫై ఒకటో పేరు వాసుపల్లి నూకరత్నం. తల్లి ఎర్రమ్మ రొయ్యల షెడ్డులో తొక్క ఒలిచేది, తెల్లవారకముందే కూతుర్నీ వెంటబెట్టుకుపోయేది. పిల్ల అక్కడ పని ముగించుకుని, పదింబావుకు వెనక తలుపులోంచి చప్పుడు కాకుండా వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. అప్పటికే ఎర్ర ‘ఏ’ పడిపోయి ఉండేది. ఇంకో పది రోజులు ఇలాగే సాగితే పేరు కొట్టేస్తానని హెచ్చెమ్ గారు చెప్పేశారు. పేరు కొట్టేస్తే పిల్ల ఇక రోజంతా షెడ్డులోనే. మర్నాడు వినీల ముప్ఫై ఒకటో పేరు దగ్గర కాసేపు ఆగింది. ఎలాగూ వచ్చేస్తుందిలే అనుకుని, పేరు పిలవకుండానే గీత పెట్టేసింది. పిల్ల వచ్చింది కూడా. అలా రెండు నెలలు నడిచింది. నాలో ఒక అబద్ధం రోజూ తొమ్మిదింటికి పుట్టి, పదింబావుకు నిజమయ్యేది. ఆ గంటంబావూ నాకు ప్రాణం కుదుటపడేది కాదు.

శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. వెనక బెంచీల మీద నీళ్లు కారుతున్నాయని పిల్లలందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. పదీ ఇరవై అయి ఉంటుంది. వినీల బోర్డు మీద లెక్క వేస్తోంది. పైనుంచి ఇసుక రాలిన చప్పుడైంది. ఆమె నన్ను చంకన పెట్టుకుని, పిల్లల్ని రెక్కలు పట్టి ముందు తలుపులోంచి బయటికి తోసింది. ఆఖరి పిల్ల గడప దాటిందో లేదో, గది వెనక సగం స్లాబు కూలిపోయింది. మిగతా సగం ఇనుప చువ్వలకు వేలాడుతూ ఉండిపోయింది.

హెచ్చెమ్ గారు నన్ను లాక్కుని వానలోనే పేర్లు చదివారు. ముప్ఫై ఏడు మంది పలికారు. నూకరత్నం పలకలేదు. ఆవిడ గీత మీద వేలు పెట్టి, హాజరు పడింది కదా అన్నారు. వచ్చిందని ఇద్దరు పిల్లలు, రాలేదని ఇద్దరు పిల్లలు ఏడుస్తూ చెప్పారు. అటెండరు గౌరునాయుడు ఇంకేమీ వినలేదు. తువ్వాలు తలకు చుట్టుకుని, వేలాడే స్లాబు కిందికి దూరిపోయాడు.

వినీలకు మొదట కలిగిన భయం తన గురించే. గీత సంగతి బయటపడితే పంపించేస్తారని. ఈ మాట దాచను, నేను మోసిన అబద్ధం ఒక్కటి చాలు. పిల్ల గురించీ లోపలికి దూరినవాడి గురించీ రెండో భయం ఆ వెంటనే వచ్చింది, అది మొదటిదాన్ని మింగేసింది.

“చూడకుండా గీత పెట్టేశాను మేడమ్,” అంది. “వచ్చిందో లేదో నాకు తెలీదు.”

“తెలీదంటే? ఇప్పుడతన్ని బయటికి రమ్మనాలా, వెతకమనాలా?”

ఆ ప్రశ్నకు జవాబు ఉండాల్సింది నా దగ్గర. అచ్చంగా దానికే కదా నన్ను కుట్టింది! హెచ్చెమ్ గారు నన్ను ఆమె చేతుల్లోకి విసిరేసి ఫైరింజనుకు ఫోను చేయడానికి పరుగెత్తారు. వినీల షెడ్డు వైపు పరుగు తీసింది. చేతిలో నేనున్నానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

షెడ్డులో నూకరత్నం ఏదని అడిగితే ఎర్రమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. “అదెప్పుడో బడికెల్లిపోనాది కదమ్మా.” తర్వాత తల ఎత్తి వినీల ముఖం చూసింది. “ఏటైనాది?”

వినీల వేళ్లు నా అట్టలోకి దిగిపోయాయి. ఎర్రమ్మ చేతిలో రొయ్య అలాగే పట్టుకుని, కూతురు రోజూ నడిచే అడ్డదారిన పడింది. ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి కుళాయి ఉంది. అక్కడ నూకరత్నం వంగి, వాడేసిన నిమ్మచెక్కతో చేతులు తోముకుంటోంది. వాసనొస్తోందని పక్కపిల్లలు ముక్కు మూసుకుంటున్నారట. ఆ రోజు ఎంత రుద్దినా వాసన పోలేదట. ఎర్రమ్మ కూతుర్ని లాగి ఒక్కటి కొట్టి, కావలించుకుని, మళ్లీ కొట్టింది. వినీల తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని బడికి పరుగెత్తింది. స్లాబు కింద గౌరునాయుడు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

మేము గేటు దాటేసరికి వేలాడే స్లాబులోంచి ఒక పెద్ద పెచ్చు ఊడి గౌరునాయుడి మీద పడింది. అతన్ని బయటికి లాగారు. కుడి మడమ నుజ్జయిపోయింది. అతను నూకరత్నాన్ని చూసి, లోపల నేదు గదా, అన్నాడు. తర్వాత స్పృహ తప్పాడు.

గీతను అలాగే ఉండనిద్దామని హెచ్చెమ్ గారు అన్నారు. వినీల ఒప్పుకోలేదు. దాని కింద ఎర్ర సిరాతో, ఈ గీత నేను పిల్లను చూడకుండా పెట్టాను అని రాసి సంతకం చేసింది. విచారణకొచ్చిన అధికారులు స్లాబును కొలిచారు, టీ తాగారు, నన్ను తెరవలేదు. వినీల మిగిలిన ఏడాదంతా ఎనిమిదిన్నరకల్లా షెడ్డుకు వెళ్లి నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పేరు ఎవరూ కొట్టేయలేదు.

తర్వాత హాజరు ఫోన్లలోకి పోయింది. నన్ను బీరువాలో పడేశారు. పన్నెండేళ్లుగా నాకున్న భయం ఒక్కటే. రోజూ కుంటుకుంటూ బీరువా తాళం తీసే గౌరునాయుడికి చదువు రాదు. ఎవరైనా ఆ ఎర్ర అక్షరాలు చదివి వినిపిస్తే? తన కాలు ఏ గీతకు పోయిందో తెలిస్తే?

మొన్న అతను రిటైరయ్యే ముందు పాత పుస్తకాలు కట్టలు కడుతూ నన్ను తీశాడు. ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. కొత్త గుమస్తా కుర్రాడు గట్టిగా చదివేశాడు. చదివాక, స్లాబు కూలిన సంగతి విన్నవాడే కనక, గౌరునాయుడి కాలు చూసి నాలుక కరుచుకున్నాడు.

“తెలుసు బాబూ,” అన్నాడు గౌరునాయుడు. “ఆయమ్మ ఆ సాయంత్రమే ఆస్పత్రికొచ్చి సెప్పీసినాది. నా మంచం కాడ నిలబడి వొణికిపోనాది.”

“మీరేమన్నారు?”

“నువ్వు గీత ఎట్టకపోయినా నానెల్లీవోణ్ణే అన్నాను.”

అతను నన్ను మూసి తాడు బిగించాడు. ఆ మాట నిజమో, వణుకుతున్న పిల్లను చూసి జాలిపడి చెప్పిందో నాకు తెలియదు.