ఓడిపోయేవాడి బెల్టు

కుస్తీ వస్తాదు పిడుగు ఇంట్లో ఛాంపియన్ బెల్టుకి ఉన్న మర్యాద ఇంటి మనుషులకి లేదు. బీరువాలో పై అరంతా దానిదే. దిండు గలీబులో చుట్టి, దాన్ని మళ్ళీ నల్ల సంచిలో పెట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవాడు. ఆదివారం పూట బయటికి తీసి ఇత్తడి బిళ్ళల్ని పళ్ళ బ్రష్షుతో తోమి, తోలుకి నూనె పట్టించేవాడు. వేరే ఊళ్ళో పోటీ ఉంటే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. సామాన్ల అరలో పెట్టడు, పక్కవాడి చేతికిచ్చి నీళ్ళు తాగడానికి కూడా దిగడు. "నన్నెప్పుడైనా అంత అపురూపంగా చూసుకున్నారా?" అని భార్య దెప్పితే, "నువ్వెక్కడికీ పోవుగా" అనేవాడు.

పిడుగన్నది కుస్తీ కంపెనీ వాళ్ళు పోస్టర్ల కోసం పెట్టిన పేరు. ఇంట్లో చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. కుస్తీలో ఎవరు గెలవాలో, ఎవరు పడాలో ముందే తేల్చుకుంటారన్న సంగతి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. తెలియంది ఒక్కటే. అంతా ఆటే అయినప్పుడు ఆ బెల్టేదో ఆఫీసులో పెట్టి తాళం వేసుకోవచ్చు కదా, ఈయనగారు ఊరూరా మోసుకు తిరగడం దేనికి? కంపెనీ యజమాని ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ ముక్క ఆయన్నే అడిగేసింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"అమ్మాయ్, గెలవడానికేముంది? నేను గెలవమంటే నా కారు డ్రైవరు కూడా గెలుస్తాడు," అన్నాడాయన. "ఈ బెల్టు గెలిచేవాడికి ఇచ్చేది కాదు. నేను రమ్మన్న రోజున వచ్చి, పడమన్నప్పుడు పడేవాడికి ఇచ్చేది. ఇదివరకు ఒకడికిచ్చాను. ఓడిపోవాల్సిన రోజున వాడు రాలేదు. నా బెల్టు భుజాన వేసుకుని వేరే కంపెనీ బరిలో నిలబడ్డాడు. నాకు తల తీసేసినట్టయింది. మీ ఆయన దగ్గరుంటే నా బీరువాలో ఉన్నట్టే."

ఆ మాటకి పిడుగు ముఖం వెలిగిపోయింది. ఓడిపోతాడన్న నమ్మకానికి ఇంత సంబరమేమిటని ఆమెకు ఒళ్ళు మండింది. కానీ అతనికి జీవితంలో దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. కాదనడానికి మనసు రాలేదు.

మెడ సంగతి చొక్కా గుండీల దగ్గర బయటపడింది. ఒక ఉదయం అతను పై గుండీతో చాలాసేపు తంటాలు పడి, చివరికి అలాగే వదిలేసి బయల్దేరబోయాడు. ఆమె దగ్గరికి వెళ్ళి పెట్టబోతూ ఎడమ చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. గిల్లితే తెలియలేదు. కిందటి పోటీలో మెడ మీద వంకరగా పడ్డాడట, అప్పటి నుంచీ అలాగే ఉందట, ఇంట్లో చెబితే గోల చేస్తావని చెప్పలేదట. ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళింది. డాక్టరు మెడ ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, బరువులెత్తొద్దు, గతుకుల దారిలో బస్సు కూడా ఎక్కొద్దన్నాడు. ఇంకోసారి మెడ మీద పడితే మంచం మీంచి లేవవన్నాడు.

"అలాగే సార్. ఒక్క పోటీ ఉంది. అది అయిపోగానే మానేస్తాను," అన్నాడు పిడుగు, బుద్ధిగా.

డాక్టరు ఆమె వైపు చూశాడు, వీడికి తెలుగు అర్థం కాదా అన్నట్టు.

ఆ ఒక్క పోటీ శనివారం. అందులో పిడుగు ఓడిపోవాలి, తోడేలు అనే కుర్ర వస్తాదు గెలవాలి. తోడేలు బరిలో పిడుగు మీద ఉమ్మేసేవాడు, కుర్చీ పెట్టి బాదేవాడు. బయట మాత్రం అన్నయ్యా వదినా అంటూ ఆమె వంటింట్లో కింద కూర్చుని గిన్నె ఊడ్చుకు తినేవాడు. ఈ గెలుపు కోసం కళ్ళల్లో వత్తులేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. మెడ సంగతి విన్నాక ఆ రోజు అతనికి ముద్ద దిగలేదు.

"చివర్లో నేను అన్నయ్యని నెత్తి మీదికెత్తి వెయ్యాలి వదినా. పోస్టరు మీద కూడా అదే బొమ్మ. పువ్వులా దింపుతాను. కానీ ఎత్తేవాడి చేతిలో సగమే ఉంటుంది. పైనున్నవాడు రెండు చేతులా నా నడుం పట్టుకోవాలి. అప్పుడే తిన్నగా దిగుతాడు."

"ఆయనకి ఒక చెయ్యి పనిచెయ్యట్లేదు కదయ్యా. పెద్దాయనకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. బెల్టు వాడి దగ్గరుంది, వాడే వచ్చి పోగొట్టుకోవాలి, ఇంట్లో కూర్చుని ఓడిపోతానంటే ఎలా అన్నాడు."

ఆమె ఆ రాత్రి వంట గిన్నెలు తోముతూ ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించింది. పెళ్ళయిన తొలి రోజుల్లో ఒకసారి పిడుగు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. బెల్టు అతని ఒళ్ళోనే ఉండిపోయింది. మిగతా వాళ్ళంతా హాలుకి చేరి, అతని బదులు బరిలోకి దిగేవాళ్ళున్నా, బెల్టు లేకుండా బెల్టు పోటీ ఏమిటని పెద్దాయన వచ్చిన జనాన్ని వెనక్కి పంపేశాడు. అంటే బెల్టు లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే మెడకి గండం లేదు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. శుక్రవారం బెల్టు తీసుకెళ్ళి అక్కడి కత్తిరింపు ముక్కల గోతం అడుగున పెట్టింది. ఇంట్లో పాడైపోయిన ఇస్త్రీ పెట్టె ఒకటుంటే దాన్ని గలీబులో చుట్టి నల్ల సంచిలో పెట్టింది. చెయ్యి సరిగా లేక అతను రెండు ఆదివారాలుగా బెల్టు తోమడం మానేశాడు కాబట్టి విప్పి చూస్తాడన్న భయం లేదు.

శనివారం ఆమె కూడా వస్తానంది. అతను వద్దనలేదు. బీరువా దగ్గర ఎడమ చెయ్యి పైకి లేవక, పక్కకి జరిగి, "నువ్వే దింపు. బస్సులో కూడా నువ్వే పట్టుకో," అన్నాడు. పెళ్ళయ్యాక బెల్టు ఆమె చేతికిచ్చింది అదే మొదటిసారి. దారిపొడుగునా ఇస్త్రీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా అతను మెడ పట్టుకుని, సంచి వంకే చూసి, "జాగ్రత్త" అన్నాడు. ఆమె తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది.

హాలు వెనక బట్టలు మార్చుకునే గదిలో చెమట వాసన, నొప్పుల మందు వాసన కలిసిపోయి ఉన్నాయి. పిడుగు బల్ల మీద కూర్చుని ఒంటి చేత్తో సంచి విప్పాడు. గలీబు విప్పాడు. ఇస్త్రీ పెట్టెను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. 

"ఎక్కడుంది?" అన్నాడు మెల్లిగా.

"షాపులో."

అతను కోప్పడి ఉంటే బాగుండేది. గలీబును మళ్ళీ చుట్టేసి లేచి, పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఆమె వెంట వెళ్ళింది.

"సార్, బెల్టు ఇంట్లో మర్చిపోయాను. తప్పు నాదే," అన్నాడు తల దించుకుని.

ఆమె ఇంత చేసినా తప్పు తన మీదే వేసుకున్నాడు. పెద్దాయన ఎగిరిపడతాడని, పోటీ ఆపేస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన కనీసం కుర్చీలోంచి లేవలేదు. "ఓస్, అంతేనా," అని, బల్ల కింది పెట్టెలోంచి బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. అవే ఇత్తడి బిళ్ళలు, అదే తోలు, అంచున అదే తీగ పని. తోమకపోవడం వల్ల కాస్త నల్లబడింది, అంతే తేడా.

పిడుగు దాన్ని వేలితో ముట్టుకున్నాడు. "ఇదెప్పటిది సార్?"

"ఆ బస్సు చెడిపోయిందే, అప్పుడు చేయించాను. మళ్ళీ జనాన్ని వెనక్కి పంపుకోలేను కదా."

"మరి నా దగ్గరున్నది ఎందుకు సార్?"

పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. అబద్ధం ఆడటానికి బద్ధకించాడు, అంతే. "ఒరేయ్ పిడుగూ, బెల్టు ఇంట్లో ఉన్నవాడు జ్వరమొచ్చినా వస్తాడు. నువ్వు రాలేదూ? అందుకే."

ఆ గదిలోంచి బయటికి రాగానే ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "విన్నారుగా. మిమ్మల్ని కట్టేయడానికి తప్ప దేనికీ కాదు. ఇంకా ఎందుకు? పదండి ఇంటికి."

అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల జనం కాళ్ళతో నేలను బాదుతున్నారు. "వాడు గెలవాలంటే ఎవరో ఒకరు ఓడిపోవాలి," అన్నాడు. "వస్తానన్నాను. వచ్చాను." తర్వాత ఆమె ముందు కాలు చాపి, "బూటు తాడు కట్టు. నాకు చేత కావట్లేదు," అన్నాడు. ఆమె కింద కూర్చుని కట్టింది. కట్టకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

తోడేలు నిజంగానే అతన్ని పువ్వులా ఎత్తాడు. అంత కొట్లాటలోనూ చెవి దగ్గర "పట్టుకో అన్నయ్యా, పట్టుకో" అంటున్నాడని ముందు వరసలో కూర్చున్న ఆమెకు పెదవుల కదలిక చూస్తే తెలిసింది. కుడి చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యి జారింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. తోడేలు భుజాన బెల్టు వేశారు. వాడు గెలిచినవాడిలా చేతులు పైకెత్తకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తుంటే, ఎంత బాగా నటిస్తున్నాడో అన్నారు పక్కవాళ్ళు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక పిడుగుకి మాట ఉంది, చూపు ఉంది, మెడ కింద ఏమీ లేదు. ఆమె తినిపించేది, తుడిచేది, పక్కకి తిప్పేది. పనితో ఒళ్ళు హూనమైనా ఏడవలేదు. ఆమెను లోపల తొలిచేసింది వేరే ఉంది. బెల్టు దాచకపోయినా అతను పడేవాడే. కానీ ఆ రెండో బెల్టును చూడకుండా పడేవాడు. ఆ పెద్దాయన తనని నమ్మాడని నమ్ముకుంటూ పడేవాడు. ఆమె చేసిన పని అతని మెడను కాపాడలేదు, ఉన్న ఆ ఒక్క మెచ్చుకోలును మాత్రం ఊడబెరికింది.

ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే అతను నోరు తెరవలేదు. "బెల్టు ఇంకా షాపులోనే ఉందా?"

"ఉంది."

"ఇచ్చిరా. ఓడిపోయినవాడి దగ్గర ఉండకూడదు."

"వాళ్ళకి ఇంకోటి ఉందిగా."

"వాళ్ళకుంటే ఉండనీ. నాకిచ్చింది నేను తిరిగివ్వాలి కదా."

ఆమె తీసుకెళ్ళింది. పెద్దాయన ఆఫీసులో గోడ నిండా తోడేలు పోస్టర్లు. పిడుగు ఎలా ఉన్నాడని ఆయన అడిగాడు, పాపం అన్నాడు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నల్ల సంచిని చూసి, "అదా? ఉంచుకో అమ్మాయ్. పాతది నాకెందుకు? గోడకి తగిలించు, వాడు చూసుకుంటాడు," అన్నాడు. ఆమె బల్ల మీద పెట్టబోతే, అక్కడ కాగితాలున్నాయని వెనక్కి జరిపాడు.

ఆమె వచ్చేసరికి పిడుగు గుమ్మం వైపే చూస్తూ పడుకుని ఉన్నాడు. సంచి వరండాలో చెప్పుల వెనక వదిలేసి లోపలికి వచ్చింది.

"తీసుకున్నాడా?"

"లేచి నిలబడి తీసుకున్నాడు. రెండు చేతులతో."

"ఏమన్నా అన్నాడా?"

"ఇంతమందికి ఇచ్చాను గానీ, అడక్కుండా తెచ్చి ఇచ్చింది వీడొక్కడే అన్నాడు."

పిడుగు కంటి కొసలో నీళ్ళు చెవి వైపు కారుతుంటే ఆమె తుడిచింది. "నీకు చెప్పానా లేదా," అన్నాడు చివరికి, "ఆయన మంచివాడని?"

"చెప్పారు," అంది.

మర్నాడు ఆమె షాపుకి అందరికంటే ముందు వెళ్ళింది. కత్తిరింపు ముక్కల గోతాన్ని సగం దాకా ఖాళీ చేసి, బెల్టును పాత చోటే పెట్టి, పైన ముక్కలు కప్పి, మిషను ముందు కూర్చుంది.