తూర్పు గుమ్మాలు

పొద్దు పొడిచింది. రేవంతా పసుపు.

నీళ్ళు పసుపు. తాళ్ళు పసుపు. తాళ్ళ మీద వాలిన పక్షుల రొమ్ములు పసుపు. రేవు నోట్లోంచి వెలుగు నేరుగా లోపలికి వచ్చి, గుడ్డ తాను విప్పినట్టు పడవ దాకా పరుచుకుంది.

ఆయన అప్పటికే రంగులు కలుపుతున్నాడు.

ఆమె టీ గ్లాసు పట్టుకుని చూసింది. వెలుగుతో పాటు ఒక అల కూడా లోపలికి వచ్చింది. చిన్నదే... పడవను ఒకసారి ఎత్తి, మెల్లగా దించి, వెనక గోడకు తగిలి ఆగిపోయింది.

అదీ వెలుగు వచ్చిన దారినే వచ్చింది.

ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

ఆమెది కుట్టు పని. ఆయనది దుకాణాలకు బోర్డులు రాసే పని. బతుకంతా ఎవరెవరి పేర్లో రాసిన ఆ చేతికి ఒక్క కోరిక మిగిలింది — రోజుకొక రేవులో కూర్చుని, సముద్రం మీద పొడిచే పొద్దును గీయాలని. అందుకే పాత తెరచాప పడవ కొన్నాడు. అందుకే చలికాలమంతా వంటింటి బల్ల మీద సముద్రపు పటం పరిచి కూర్చున్నాడు. గిన్నెలు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. ఆమె కంచం ఒళ్ళో పెట్టుకుని తినేది.

రేవులు ఎంచాడు.

పొద్దు ఎదురుగా కనబడేవే ఎంచాడు. మిగతావన్నీ కొట్టేశాడు. కొండ ఒకటి ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, దాని వెనక ఒక రేవు ఉంది. ఓడలకు బొగ్గు ఎత్తే రేవు. "అక్కడేముంది, మసి తప్ప?" అన్నాడు. దాన్నీ కొట్టేశాడు.

బోర్డు మీద ఒక్క అక్షరం వంకర పోతే ఆయనకు నిద్ర పట్టదు. గాలి వంకర తిరుగుతుందని మాత్రం ఆ చలికాలమంతా తోచలేదు. ఆమెకూ తోచలేదు. పక్క గదిలో కూర్చుని తెరచాపలు కుట్టింది.

రెండు తెరచాపలు. ఒకటి తమది. ఒకటి తమ్ముడిది.

తమ్ముడు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. వాడికి బావంటే వల్లమాలిన గురి. బావ మీసం పెంచితే మీసం పెంచాడు. బావ పడవ కొంటే పడవ కొన్నాడు — బావ దానికన్నా చిన్నది, బావ దానికన్నా పాతది. వాడి పెళ్ళాం కొత్త కోడలు, నీళ్ళంటే హడలు. అయినా ఎక్కింది. పడవ అంచును రెండు చేతులా పట్టుకుని, "ఈయన ఉండగా నాకేం భయం వదినా" అంది. పట్టు మాత్రం వదల్లేదు.

బావ తన పటం మీద పల్చటి కాగితం వేసి, ఎంచిన రేవులన్నీ దాని మీదకు దించి, వాడి చేతిలో పెట్టాడు. వాడు దాన్ని మడిచి చొక్కా జేబులో దాచుకున్నాడు.

తమ్ముడి తెరచాపకు కొసన ఆమె ఒక పసుపు ముక్క కుట్టింది. వాడి చిన్నప్పటి వానకోటులోది. ఇన్నేళ్ళూ పాత గుడ్డల మూటలో దాచింది... ఎందుకు దాచిందో తనకే తెలియదు.

"ఎంత దూరం నుంచైనా గుర్తు పడతాను నిన్ను" అంది.

వాడు పకపకా నవ్వాడు. "నేనేమన్నా తప్పిపోయే పిల్లాడినా అక్కా?"

ఆ పసుపు పొద్దున, ఆ మొదటి రేవులో, తమ్ముడి పడవ ఇంజను మొరాయించింది. వాడు మోచేతుల దాకా నూనె పూసుకుని పైకి వచ్చాడు. "మీరు పదండి బావా. బాగు చేయించుకుని రేపటికి వచ్చేస్తాం. ఒక్క రోజుకు కొంపలేం మునగవు" అన్నాడు.

మనమూ ఉండిపోదామని ఆమె నోటి దాకా వచ్చింది. కానీ ఆయన తాళ్ళు విప్పుతున్నాడు. రేపటి పొద్దును రెండో రేవులో గీయాలి. ఆ ముఖంలో ముచ్చట చూసి, మాట మింగేసింది.

మరదలు చెయ్యి ఊపింది. ఒక్క చెయ్యే. రెండోది అంచు మీదే ఉంది.

ఇంకో అల లోపలికి వచ్చింది. ఇందాకటి దానికన్నా కాస్త పెద్దది.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. తెరచాప ఒట్టి దుప్పటిలా వేలాడింది. పక్షులు లేవు. ఎక్కడికి పోయాయో...

తర్వాత తూర్పు నుంచి వీచింది.

మొదట చల్లగా, హాయిగా. "చూశావా!" అన్నాడాయన మురిసిపోతూ. తర్వాత ఆగకుండా. తర్వాత ఈలలు వేస్తూ. అలలు లేచాయి — ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే వైపుకు, ఒడ్డు వైపుకు. పడవనూ అటే తోస్తున్నాయి.

రెండో రేవు కనబడింది.

రేవు నోరు తెల్లగా ఉంది.

అలలు ఆ నోట్లో దూరి, గోడలను గుద్ది, వెనక్కి మళ్ళి, వచ్చే అలలతో కలబడుతున్నాయి. లోపల కట్టిన పడవలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. గోడ మీద ఎవరో నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు. రావద్దు... రావద్దు.

మూడో రేవు.

దాని నోరూ తెల్లగానే ఉంది.

అప్పుడు ఆమె లోపలికి దిగి పటం తీసింది. గుడ్డ పరిచినట్టు పరిచి, అరచేత్తో సాపు చేసి, రేవుల నోళ్ళను వేలితో ఒక్కొక్కటే తడిమింది. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరిస్తారు. బల్ల మీద చూస్తే రెండూ బాగానే ఉంటాయి. తొడుక్కోబోతేనే తెలుస్తుంది.

ఆమె పటంతోనే పైకి వచ్చింది.

"ఏమండీ... అన్నిటికీ తూర్పు వైపే గుమ్మం."

ఆయన చుక్కాని పట్టుకున్న వేళ్ళు పాలిపోయాయి. ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. భయం వచ్చింది... తన కోసం కాదు.

"వాడి దగ్గరా ఇవే ఉన్నాయి" అంది.

దగ్గర్లో మిగిలింది ఒక్కటే, ఆయన కొట్టేసిన బొగ్గు రేవు. పెన్సిలు గీత కింద దాని పేరు ఇంకా కనబడుతోంది. కొండ ముక్కును చుట్టి వెనక్కి రావాలి. వచ్చారు. ఎలా వచ్చారో ఇద్దరికీ సరిగా గుర్తు లేదు. ఒక అల వంటగిన్నెలను ఊడ్చుకుపోయింది. ఇంకో అల ఆయన రంగుల పెట్టెను పట్టుకుపోయింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

కొండ చాటుకు రాగానే గాలి తెగిపోయింది.

నల్లటి నీళ్ళు. బొగ్గు కుప్పలు. మసి పట్టిన గోడలు. నీళ్ళు కదలడం లేదు. అంత అందమైన చోటు ఆమె జన్మలో చూడలేదు. చూస్తూ ఏడ్చింది.

ఫోనుకు సిగ్నలు వచ్చింది. తమ్ముడికి చేసింది. మోగలేదు. మరదలికి చేసింది. మోగలేదు. మొదటి రేవు కాపలాదారుకు చేసింది.

"వాళ్ళు వెళ్ళిపోయారమ్మా" అన్నాడతను. "ఇక్కడా అలలు లోపలికొచ్చి పడుతున్నాయి. వాళ్ళ పడవ తాడు తెగింది. గోడకేసి కొట్టుకుంటుంటే ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. ఇంజను ఎలాగో తిరిగింది. ఆగమన్నాం... బావ ముందు రేవులో ఉన్నాడు, బావకు అన్నీ తెలుసు అని బయల్దేరాడు."

బావకు అన్నీ తెలుసు.

ఆయనకూ వినబడింది. మసి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఈ రేవు నేను కాగితం మీదకు దించలేదు" అన్నాడు. "కొట్టేసింది కదా అని దించలేదు."

మళ్ళీ అదే అన్నాడు. ఆమె పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పల్చటి కాగితం ఆమె కళ్ళ ముందు ఆడుతోంది — తడిసి, తమ్ముడి జేబులోంచి తీసి, మోకాలి మీద పరిచిన కాగితం. దాని మీద ఎంచిన రేవులున్నాయి. మధ్యలో అంతా తెల్లటి ఖాళీ. ఒడ్డున ఇంకేమీ లేనట్టే ఉంది.

ఇద్దరూ వెళ్ళి రేవు ఆఫీసులో చెప్పారు. గస్తీ పడవ వెళ్ళింది. తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. రాత్రంతా అలాగే గడిచింది.

తెలతెలవారుతుంటే ఇద్దరూ కొండ ముక్కు మీదకు ఎక్కారు. గాలి తగ్గలేదు. ఆమె పైట చెంగు ఈడ్చి కొడుతోంది. కింద సముద్రమంతా బూడిద రంగు. అలల కొసలు తెలుపు. తెలుపు... తెలుపు... తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో ఒక తెరచాప ఉండాలి. దాని కొసన తన చేత్తో కుట్టిన ముక్క ఉండాలి. ఈ బూడిద వెలుగులో పసుపు చుక్క ఒక్కటి చాలు. గుర్తు పడతానని మాటిచ్చింది. కళ్ళు కాయలు కాచేలా చూసింది.

ఉంది.

దూరంగా... లేదు. ఉంది. రెండు అలల మధ్య ఒక తెల్లటి కొస. ఆ కొస మీద —

"అదిగో! ఏమండీ, అదిగో!"

"ఎక్కడ? చెయ్యి చూపించు... ఎక్కడ?"

ఆమె చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి చూపించిన చోటే పొద్దు పొడిచింది.

నేరుగా కళ్ళల్లోకి. వెలుగు గుడ్డ తాను విప్పినట్టు కొండ కింది దాకా పరుచుకుంది. ఇద్దరూ కళ్ళకు అరచేతులు అడ్డం పెట్టుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి చూశారు.

నీళ్ళు పసుపు. నురగ పసుపు.

అలల కొసలన్నీ... పసుపు.