వెళ్ళొస్తామని చెప్పు

తడి ప్లాస్టర్ మొదట చల్లగా ఉంటుంది.

తరువాత మెల్లగా వేడెక్కుతుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా. ఆ వేడిలోనే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక చల్లారుతుంది... ఇక దాన్నేమీ మార్చలేం.

నాన్న రోజంతా ఆ వేడిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చునేవాడు.

రేకుల కప్పు. పొడవాటి గది. గోడకు ఆనించిన కాళ్ళు — పెద్దవి, చిన్నవి, ఎడమవి, కుడివి. నేలంతా తెల్లటి పొడి. పొడి మీద అడుగులు. ఒంటి అడుగులు. ప్రతి అడుగు పక్కనా చేతికర్ర వేసిన గుండ్రటి గుర్తు.

ఆ దేశంలో యుద్ధం ఆగిపోయి చాలా కాలమైంది. ఆగిన యుద్ధం మట్టి కింద మిగిలింది. పొలానికి వెళ్ళినవాళ్ళకు, మేకల వెంట వెళ్ళినవాళ్ళకు, నీళ్ళకు వెళ్ళినవాళ్ళకు అది దొరుకుతూనే ఉంది.

వాళ్ళు ముగ్గురూ ఒక్క ఏడాదికని వచ్చారు. జీతం లేని పని. నాన్న కృత్రిమ కాళ్ళు చేస్తాడు. అమ్మ నర్సు. పాపకు పదకొండేళ్ళు.

ముగ్గురిలో ఆ ఊరి భాష వచ్చింది పాపకే. ఎవరూ నేర్పలేదు. వీధిలో ఆడుతూ ఆడుతూ ఉండగా వచ్చింది — జుట్టు పెరిగినట్టు, గౌను పొట్టైనట్టు. నాన్నకు ఒక్క ముక్క రాలేదు. అమ్మకు ‘నొప్పా?’ అనే మాట ఒక్కటి వచ్చింది.

ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చేరవేస్తుందని నాన్న పాపకు దుబాసమ్మ అని పేరు పెట్టాడు.

“దుబాసమ్మగారూ, పెద్దాయన్ని కాస్త కాలు చాపమనండి.”

“ఏ కాలు నాన్నా?”

“ఉన్నది కాదమ్మా. లేనిది.”

పాప నవ్వేది. పెద్దాయనకు చెప్పేది. పెద్దాయనా నవ్వేవాడు. ఈ ఊళ్ళో కాళ్ళన్నీ నాకు తెలుసు, ముఖాలే గుర్తుండవు అనేవాడు నాన్న. అదీ చెప్పేది. అదీ నవ్వేవాళ్ళు.

ఏడాది నిండింది.

వీళ్ళను పంపిన సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వీళ్ళ తరువాత ఎవరూ రావడం లేదు. ఈ కాళ్ళ కేంద్రానికి తాళం పడుతుంది. వీళ్ళు ఆ దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి గురువారంతో ముగుస్తుంది. ఆ రాత్రికే విమానం.

శుక్రవారం పొద్దున అమ్మ అందరినీ పిలిపించింది. ఇరవైమూడు మంది. బెంచీల మీద కొందరు, గోడకు ఆనుకుని కొందరు, నడక నేర్చుకునే కమ్మీలు పట్టుకుని కొందరు.

అమ్మ తెలుగులో చెప్పింది. పాప ఆ భాషలో చెప్పింది.

గురువారం మేం ఇంటికి వెళ్ళిపోతున్నాం. ఇక్కడ పని ఆగిపోతుంది. గాయాలున్నవాళ్ళు సోమవారం బండిలో నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అదే చివరి బండి. ఎవరెవరు వెళ్ళాలో చీటీలు రాసిస్తాను.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అమ్మ చీటీల కాగితాలు సర్దుకుంది. ఎన్ని ఊళ్ళు మారినా, ఎన్ని గుమ్మాలు దాటినా తన నోటినుంచి వచ్చే మాటే వచ్చింది.

“సరేమ్మా... అందరికీ వెళ్ళొస్తామని చెప్పు.”

పాప చెప్పింది.

ఒక్కసారిగా గది వెలిగింది. నవ్వులు. ఎవరో కర్రతో నేలను తట్టారు. ఒక ముసలాయన పాపను ఏదో అడిగాడు. పాప తల్లి వైపు చూసింది. అమ్మ చీటీల్లో తల దూర్చి ఉంది. పాప తనే ఏదో చెప్పింది. ముసలాయన తృప్తిగా తల ఊపాడు.

ఎంత గుండె దిటవు వీళ్ళది, అనుకుంది అమ్మ.

టైలరమ్మ అంటే ముగ్గురికీ ఇష్టం. అసలు పేరు నోరు తిరగక నాన్న పెట్టిన పేరది. నలభై దాటిన మనిషి. ఒంటరి మనిషి. కుడికాలు మోకాలి కింద లేదు. పాప పొట్టి గౌన్లన్నిటికీ అంచులు విప్పి పొడుగు చేసిపెట్టింది ఆవిడే. కుట్టుమిషను ఒంటికాలితో తొక్కితే కుట్టు వంకర పోతోందని ఆవిడ బాధ.

వెళ్ళేలోపు ఆవిడకు కాలు ఇచ్చి తీరాలని నాన్న పట్టు.

తొందరపడ్డాడు.

కొత్త కాలి పైభాగాన మొండి ఇమిడే గిన్నెను ఒక పూట ముందే తొడిగాడు. లోపలి అంచు ఇంకా నున్నబడలేదు. ఆవిడ కమ్మీల మధ్య నాలుగు అడుగులు వేసింది. కళ్ళు మెరిశాయి. ఇంకో నాలుగు వేసింది. నొప్పా అని అమ్మ అడిగితే తల అడ్డంగా ఊపింది.

విప్పితే కందిగింజంత గాయం.

చిన్నదే. కానీ ఆవిడకు షుగరు ఉంది.

చీటీల్లో మొదటి చీటీ ఆవిడకే రాసింది అమ్మ. సోమవారం బండి. పెద్దాసుపత్రి. తప్పకుండా.

సోమవారం బండి వెళ్ళింది. ఆ పొద్దున అమ్మ మందులన్నీ పెట్టెల్లో సర్దుతోంది. నాన్న గిన్నె అంచును ఆకురాయితో నున్నగా అరగదీస్తున్నాడు. బండెక్కింది ఎవరో, ఎక్కనిదెవరో ఎవరూ చూడలేదు.

బుధవారం కాలు పూర్తయింది. ఆవిడ ఆసుపత్రిలోనే ఉంటుంది, విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఇచ్చేద్దాం అనుకున్నారు. కొత్త కాలికి తొడిగేందుకు ఆవిడ ఇంట్లో దాచుకున్న కుడి చెప్పు కూడా తీసుకుపోదామని వాళ్ళింటికి వెళ్ళారు.

తలుపు తీసే ఉంది.

మిషను చప్పుడు వినిపిస్తోంది.

అమ్మ గుమ్మంలోనే ఆగింది. ముందు వాసన వచ్చింది. ఆ వాసన అమ్మకు తెలుసు.

టైలరమ్మ కుర్చీలో కూర్చుని ఎడమకాలితో తొక్కుతోంది. కుడికాలు గోనెసంచి మీద చాపి ఉంది. చుట్టూ గుడ్డ ముక్క. ముక్క తడిసి ఉంది. వీళ్ళను చూసి ముఖమంతా నవ్వింది. ఆ ముఖం జ్వరంతో కందిపోయి ఉంది.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ విప్పింది.

కందిగింజ ఇప్పుడు నిమ్మకాయంత. చుట్టూ నలుపు.

“బండెందుకు ఎక్కలేదో అడుగు.”

పాప అడిగింది. టైలరమ్మ నింపాదిగా చెప్పింది. మధ్యలో దారం తెంపింది.

“ఆ ఆసుపత్రిలోనే తన కాలు కోశారట. మళ్ళీ కోస్తారట. మనం అయితే కొయ్యం కదా, అందుకని...”

“అందుకని?”

“మనం వచ్చేదాకా ఆగుతుందట.”

“మనం వచ్చేదాకానా?”

పాప గోడ వైపు చూసింది.

“నువ్వే కదమ్మా చెప్పమన్నావు. వెళ్ళొస్తామని.”

నాన్న చేతిలో కొత్త కాలు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“వెళ్ళొస్తామంటే...” అమ్మ ఆగింది. “వెళ్ళిపోతున్నామనే కదమ్మా. మనం అట్లాగే కదా అంటాం. వెళ్తున్నాం అనకూడదని అట్లా అంటాం.”

“నాకు తెలీదు. వెళ్ళి వస్తాం అన్నావు. అదే చెప్పాను.”

“అందరూ అదే అనుకున్నారా?”

పాప తల ఊపింది.

“చెప్పు తల్లీ. ఆ ముసలాయన నిన్నేం అడిగాడు?”

“ఎప్పుడొస్తారని.”

“నువ్వేమన్నావు?”

“వానలు వెలిశాక అన్నాను.” పాప గౌను అంచు పట్టుకుంది. “వస్తామేమో అనుకున్నాను.”

మిషను ఆగింది. టైలరమ్మ ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. భాష రాకపోయినా ముఖాలు అందరికీ వస్తాయి.

అమ్మ పాప చెయ్యి పట్టుకుంది.

“చెప్పు. మేం రాము అని చెప్పు.”

“కొంచెం మెల్లిగా చెప్పనా? ఇంకోలా...”

“వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు.”

పాప చెప్పింది.

టైలరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. పాప ఒక్క మాటలో జవాబు చెప్పింది. మీ తరువాత ఎవరొస్తారు అని ప్రశ్న. ఎవరూ రారు అని జవాబు.

టైలరమ్మ సూది కింది గుడ్డను బయటికి లాగింది. మడిచింది. మడత విప్పింది. మళ్ళీ మడిచింది.

అరవలేదు. తిట్టలేదు.

తిడితే బాగుండేది అనిపించింది నాన్నకు.

అమ్మ గాయం కడిగి కొత్త కట్టు కట్టింది. రేపు పొద్దున్నే వస్తాం, మా బండిలోనే మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్తాం అని చెప్పించింది. ఆ ‘వస్తాం’ పాప నోట్లో తడబడింది. రెండుసార్లు చెప్పింది.

ఇక మిగిలినవాళ్ళు.

ఇరవై రెండు ఇళ్ళు. ఒక మధ్యాహ్నం. ఎండ నెత్తిన కూర్చుంది. నాన్నా, అమ్మా, మధ్యలో పాప — కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగారు. కాళ్ళు లేనివాళ్ళ గుమ్మాలన్నీ తిరిగారు.

మొదటి ఇంట్లో నీళ్ళిచ్చారు. పాప చెప్పింది. ఆ ఇంటావిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

రెండో ఇల్లు. మూడో ఇల్లు.

నాలుగో ఇంట్లో ముసలాయన. వానల సంగతి అడిగినాయన. పాప తలమీద చెయ్యి వేసి విన్నాడు. విన్నాక చెయ్యి తీసేశాడు.

ఆరో గుమ్మం ముందు పాప నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది.

నాన్న వీధిలోనే, మట్టిలోనే, గొంతుక్కూర్చున్నాడు.

“ఆ మాట నాకు నేర్పు.”

“ఏ మాట?”

“రాము అనే మాట.”

“నీకు రాదు నాన్నా. నీకసలు నోరు తిరగదు.”

“తిప్పుతాను. నేర్పు.”

నేర్పింది. నాలుగు పదాలు. నాన్న వాటిని నోట్లో వేడి ముద్దలా అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఒకటి తప్పు. దిద్దింది. ఇంకోటి తప్పు. దిద్దింది.

ఏడాదిలో ఆ భాషలో నాన్న నేర్చుకున్న మొదటి వాక్యం అది.

ఆరో ఇంట్లో ఆయనే చెప్పాడు. ఆ యాసకు పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళూ నవ్వబోయారు. అర్థమైంది. నవ్వు సగంలో ఆగింది.

ఏడో ఇల్లు. పదో ఇల్లు. పదిహేడో ఇల్లు.

పాప ప్రతి వీధి మొదట్లోనూ అరుగు మీద కూర్చుని చెవులు మూసుకుంది. సాయంత్రానికి నాన్న ఉచ్చారణ బాగుపడింది. ఒక్క పదం తప్పడం లేదు. తప్పకపోవడం ఇంకా భయంకరంగా ఉంది.

గురువారం తెల్లవారింది.

డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూసి చేతులు తిప్పాడు. మనుషులకైనా, పెట్టెలకైనా చోటుంది... రెండింటికీ లేదు.

నాన్న పెట్టెలు దించేశాడు. తాళం పడిన కేంద్రం వసారాలో వరసగా పెట్టాడు. పనిముట్లు. అమ్మ చీరలు. పాప పుస్తకాలు. ఎవరూ వెనక్కి చూడలేదు.

టైలరమ్మను ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. కాలు ఎత్తులో ఉండాలి. దిండు వేసి, ఆ మొండిని పాప ఒళ్ళో పెట్టారు.

ఆరు గంటల ప్రయాణం.

కట్టు లోంచి, దిండు లోంచి వేడి పాప తొడలకు తగులుతూనే ఉంది. బండి గతుకులో పడినప్పుడల్లా పాప రెండు చేతులతో ఆ కాలిని పొదివి పట్టుకుంది. ఆవిడ కిటికీలోంచి చూస్తోంది.  పాప రెండుసార్లు ఏదో అంది. ఆవిడ తిరగలేదు.

పెద్దాసుపత్రి నడవాలో ఫినాయిలు వాసన. గోడ పొడవునా మనుషులు. వీళ్ళ వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టరు కట్టు విప్పి చూశాడు. అమ్మకు భాష అక్కర్లేకపోయింది. డాక్టరు తన తొడ మీద అరచేతిని కత్తిలా పెట్టి చూపించాడు.

మోకాలి పైన.

నాన్న కొత్త కాలిని చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మోకాలి కింది కాలు. నున్నటి అంచు ఉన్న కాలు. ఇక అది ఎవరి కాలూ కాదు. అటుగా పోతున్న ఆయా ఆగి, ఇదెవరిదని అడిగినట్టు చూసింది. నాన్న దాన్ని బల్ల కిందికి జరిపాడు.

విమానానికి మూడు గంటలుంది.

అమ్మ నర్సులను బతిమాలింది. డాక్టరును బతిమాలింది. పాప చేత చెప్పించి ఒకరిద్దరు రోగుల బంధువులను బతిమాలింది — ఈవిడను కాస్త కనిపెట్టుకోమని. కాళ్ళావేళ్ళా పడింది. ఒకావిడ సరేనంది. ఎంతవరకు సరేనో ఎవరికి తెలుసు.

చక్రాల బల్ల వచ్చింది.

తలుపు దగ్గర టైలరమ్మ చెయ్యి చాపింది. పాప మణికట్టు పట్టుకుంది. దగ్గరికి లాక్కుంది. చెవిలో చెప్పింది.

ఒక మాట కాదు. రెండు మాటలు కాదు. చాలాసేపు చెప్పింది. ముఖంలో కోపముందో, దయ ఉందో అమ్మ నిలబడ్డ చోటికి కనిపించలేదు. పాప వీపు మాత్రమే కనిపించింది. ఆ వీపు కదలలేదు.

తలుపు మూసుకుంది.

బండి మళ్ళీ బయలుదేరింది. సీటు ఇప్పుడు విశాలంగా ఉంది. పాప ఒక మూలకు ఒదిగి కూర్చుంది.

“ఏమందమ్మా ఆవిడ?”

పాప కిటికీ వైపు తిరిగింది.

“ఏమంది తల్లీ?”

“నాకు అర్థం కాలేదు.”

ఏడాదిలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. బండి విమానాశ్రయం దారిలోకి మలుపు తిరిగింది.

కిటికీ అద్దంలో పాప పెదవులు కదులుతున్నాయి — ఆ భాషలో, చప్పుడు లేకుండా, మొదటినుంచి చివరిదాకా... మళ్ళీ మొదటినుంచి... ఒక్క ముక్కా పోకుండా.