నాగూర్‌బీ కడిగిన ఎలకలు

"సుక్కల సీర కట్టి సుట్టమొచ్చిందే, సల్దన్నమెట్టి..." ఆ తరవాతేమిటో నాగూర్‌బీకి ఎప్పుడూ గుర్తు రాదు. ఊఁ ఊఁ అని లాగించేస్తూ డాక్టరు పైడిరాజుగారి వెనకగదిలో తెల్లెలకల బోనులు తుడుస్తుంది. రోజూ అదే పని.

డాక్టరుగారు ఎలకలకి సర్పగంధి మందు పొడుస్తారు. అవి దిగాలుపడి, కర్రల్లా బిగుసుకుపోతాయి. ముందుకాళ్లు పెన్సిలు మీద పెడితే దించుకోనైనా దించుకోవు. నీడలు మాత్రం ఊరుకోలేక దిగిపోయి గోడల మీద పరుగులు పెడతాయి. రోలుగుంట కొండల్నించి జోగి అనే కొండమనిషి తెచ్చే దూలగొండి గింజల పొడి పడితే ఎలక కదులుతుంది, నీడ తిరిగొస్తుంది. ఎన్ని నిమిషాలకొచ్చిందో డాక్టరుగారు పుస్తకంలో రాసుకుంటారు.

నాగూర్‌బీ పెనిమిటి లాల్ అహ్మద్‌దీ అదే తీరు. బండిచక్రాలు చేసిన మనిషి. రెండేళ్లుగా చేతులు వణుకు, ఒళ్లు బిగువు, మంచం దిగలేడు. పొద్దున్నే నీడొక్కటే లేచి కొట్టుకి పోతుంది. దారిలో అందరూ దానికే సలాం చేస్తారు. అన్నం ఇద్దరిలో ఎవరికి ముందు పెట్టాలో ఆవిడకి తెలిసేది కాదు.

"ఆ పొడి మా మడిసికీ ఓ సిటికెడు ఇప్పించండి బాబూ."

"ఎలక్కెంతో ఇంకా తేలలేదు మామ్మా, మనిషికెంతని చెప్పను? ఎక్కువైతే ప్రాణం పోతుంది."

శుక్రవారమొచ్చింది. జుమ్మా పూట వాళ్లింట్లో ఎవరూ మురికొంటితో ఉండరు. కొన్ని ఎలకల వీపున పచ్చటి మరకలు చూసి, పాపమనిపించి, అన్నిటినీ గోరువెచ్చని నీళ్లతో కడిగేసింది.

"ఏటి చేసేవు మామ్మా! పొడి పట్టినవాటికి గుర్తది!"

"మురికనుకున్నాను బాబూ. దూదిపింజల్లా ఎంత బాగున్నాయో సూడండి."

డాక్టరుగారు నెత్తి పట్టుకుని బయటికెళ్లిపోయారు. తప్పు సరిదిద్దుదామని నాగూర్‌బీ ఎలకలన్నిటికీ తలా కాస్త పొడి పట్టింది. ముందే పొడి పట్టిన వాటిలో ఒకటి, రెండోసారి పడేసరికి, చచ్చిపోయింది. దాని నీడ వచ్చి, చల్లబడ్డ ఒంటిచుట్టూ రెండుసార్లు తిరిగి, ఆవిడ వెనకే ఇంటికి నడిచొచ్చింది.

"నా ఎనకెందుకే? నన్నడిగితే నేనేటి సెప్పను?" అంటూనే ఉంది ఆవిడ, అది మంచమెక్కి లాల్ అహ్మద్ పాదాలకి అతుక్కుంది.

ఆయన దిగ్గున లేచేడు. చెయ్యి వణకలేదు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఏటండీ, అది మీది కాదు!"

"ఎవరిదైతే ఏటి, సరిపోయింది."

నవ్వాలో ఏడవాలో తెలీక ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన బొటనవేలంత నీడేసుకుని వీధిలోకి దిగి, ఒక్కసారి వెనక్కి తిరిగేడు. ఒక్క మాటన్నాడు. ఆ తరవాత మళ్లీ ఆయన గొంతు ఆవిడ వినలేదు.

"నాది కొట్టునించి వత్తే, నా సోటున కూకోమను."