నా చెయ్యి పడని ఫ్లాస్కు

మా బావ ఈస్ట్‌తో పనిచేస్తాడు. నేను మా బావ కింద పనిచేస్తాను. ఇంట్లో ఆయనకు నేను "ఏరా", ల్యాబ్‌లో "ఏవయ్యా". భార్య తమ్ముణ్ని పనిలో పెట్టుకున్నాడని నలుగురికీ తెలిసిపోతుందని ఆయన భయం. అందరికీ ఎప్పుడో తెలుసు. తెలుసన్న సంగతి ఆయనొక్కడికే తెలియదు.

బడి మధ్యలో మానేసిన నా బుర్రకు ఎక్కినంత చెప్తాను. ఈస్ట్ కణం ఫాస్ఫేటును పొడవాటి గొలుసులుగా చేసి లోపల దాచుకుంటుంది. బయట దొరకనప్పుడు ఎంజైములు ఆ గొలుసుల్ని తెంపి కణానికి అందిస్తాయి. ఒక ఎంజైము చివరి నుంచి ఒక్కో పూసా వలుస్తుంది, ఇంకొకటి నడిమికి కోస్తుంది. ఈ పని చేస్తాయని తెలిసిన ఎంజైములన్నీ తీసేసి మా బావ ఒక ఈస్ట్‌ను తయారుచేశాడు. దాన్ని మేము మొండిది అంటాం. ఫాస్ఫేటు పెట్టకుండా ఎంత మాడ్చినా దాని గొలుసు తెగకూడదు.

తెగింది.

పొడుగువి పైనే ఆగి, పొట్టివి కిందికి జారే జెల్ పలకకు రంగు పట్టించి చూస్తే, పైనే ఆగాల్సిన గొలుసు ముక్కలై అడుగుదాకా జారిపోయి ఉంది. బావ పలకను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కణాల్ని కడిగి ఫాస్ఫేటు లేని ద్రవంలో వేసేది నేనే మరి.

"మామూలు ఈస్ట్ కలిపేశావు," అన్నాడు, ముగ్గురు రీసెర్చి విద్యార్థుల ముందు.

"కలపలేదు సార్."

"మరి దయ్యం తెంపిందా?"

"దయ్యాల సంగతి చదువుకున్నవాళ్లకి తెలియాలి, నాకేం తెలుసు?"

ఎవరో కిసుక్కుమన్నారు. బావకు ఒళ్లు మండింది. మళ్లీ మొదటి నుంచీ చేస్తామన్నాడు. ఈసారి నేను గదిలో అడుగు పెట్టకూడదట. గొలుసు తెగకపోతే నన్ను తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెడతాడట.

అక్కకు ఫోన్ చేసి చెబితే నవ్వింది.

"కళ్లజోడు కనబడకపోతే నన్నూ ఇలాగే అంటారురా. చూస్తే నెత్తిమీదే ఉంటుంది."

"దొరికాక ఏమంటాడు?"

"ఏమంటారు, పెట్టుకుంటారు."

విద్యార్థులే కడిగారు, విద్యార్థులే మాడ్చారు. నేను వరండాలో స్టూలు మీద కూర్చున్నాను. గేటు దగ్గర గొడుగు పట్టుకుని, వచ్చిపోయే కార్లకు సలాం కొడుతూ నన్ను నేను ఊహించుకున్నాను. మొండిదాని గొలుసు తెగాలని కోరుకున్నది ఆ భవనం మొత్తంలో నేనొక్కణ్నే.

తలుపు దభాలున తెరుచుకుంది.

"ఇంకోటి ఉందిరా!" బావ మొహం వెలిగిపోతోంది. ల్యాబ్‌లో ఏరా అన్నానన్న స్పృహ కూడా లేదు. "మళ్లీ తెగింది! మనకు తెలియని ఎంజైము ఇంకోటి ఉంది! పద పద, ఐసు పట్రా, కణాలు పగలగొట్టాలి."

నేను లేవలేదు.

"అయితే నేను కలపలేదు కదా?"

"ఇప్పుడదా ముఖ్యం?"

"నాకదే ముఖ్యం."

ఆయన వెనక గుమ్మంలో ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. బావ గొంతు తగ్గించాడు. "సరేలే, కలపలేదు."

"కలిపానన్నప్పుడు ఇంత మెల్లగా అనలేదు మీరు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, "వీడు కలపలేదు! విన్నారా? కలపలేదు!" అని అరిచాడు.

తిట్టినట్టే ఉంది. అయితేనేం, ముగ్గురూ విన్నారు. ఐసు పెట్టె తీసుకుని బయల్దేరాను.