అంచు నుంచి తీసిన గీత

"ఉన్న అంచునే కదా కాపీ తీసేది. భోజనాల వేళకి అయిపోతుందిలెండి," అన్నాడు మా అనే ఇంటిపేరున్న టీమ్ లీడర్, కాఫీ కలుపుకుంటూ. కార్ల ఆకారాలు గీసే హ్యోజిన్ తలూపి కంప్యూటర్ ముందు కూర్చుంది.

నిజమే, తీయడం ఒక్క నొక్కు. పాత కారు తలుపు అంచు మీద నొక్కితే అదే వంపు విడి గీతగా స్క్రీన్ మీదికి వస్తుంది. కొత్త కారు ముందు చక్రం మీది రేకు ఆ గీత నుంచే మొదలవ్వాలి. కానీ అలా వచ్చిన గీతలో బిందువులు చీమల్లా గుమిగూడి ఉంటాయి. దాని మీద రేకు పరిస్తే కంటికి నునుపుగానే కనిపిస్తుంది. కానీ స్క్రీన్ మీదే దాని మీద వెలుగు చారలు పడేసి చూస్తే, ఆ చారలు వణుకుతాయి. అందుకని ఆమె ఆ కాపీని కింద పెట్టుకుని, దాని వెంటే నాలుగైదు బిందువులతో సొంతంగా ఇంకో గీత గీస్తుంది. జరపడం, చూడడం, వెంట్రుకవాసి తేడా వస్తే మళ్ళీ జరపడం. బాగా కుదిరిందంటే అక్కడ ఎవరో పని చేశారన్న సంగతే ఎవరికీ తట్టదు. ఇంట్లోనూ అంతే. ఉతికిన చొక్కాలు వాటంతటవే అల్మారాలోకి వచ్చి చేరతాయని ఆమె భర్త తెగ్యు పెళ్ళయిన నాటి నుంచీ నమ్ముతూనే ఉన్నాడు.

నిరుడు కారు ముందు దీపాల వంపు తనే చేసింది. డైరెక్టర్లకి చూపించే రోజునే అత్తగారింట్లో ఏటా చేసే పెద్దల పూజ పడింది. తను వెళ్ళిపోతే, జూనియర్ నామ్ నిలబడి చూపించాడు, ప్రమోషన్ అతనికొచ్చింది. "మీరు లేరు కదక్కా, నేనే చెప్పేశాను," అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆ పూజ సాయంత్రం హ్యోజిన్ అత్తగారి వంటింట్లో చేప ముక్కల్ని గుడ్డుసొనలో ముంచి అట్లు వేస్తూ నిలబడింది. మగవాళ్ళు సూట్లు వేసుకుని, పోయిన తెగ్యు తాతగారి ఫొటో ముందు సాగిలపడి మొక్కారు. ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలోంచి చూశారు. "మా అత్తగారు ఎలా వేస్తే నేనూ అలాగే వేశానమ్మా," అంది అత్తగారు, మురిపెంగానే.

ఈ ఏడాదీ పూజా, డైరెక్టర్లకి చూపించడమూ ఒకే రోజు, అదీ ఈవేళే పడ్డాయి. మధ్యాహ్నానికి వెలుగు చారలు తలుపు మీంచి రేకు మీదికి తడబడకుండా పారాయి. వెనక నిలబడ్డ టీమ్ లీడర్, ఫైలు నామ్‌కి ఇచ్చి ఇంటికి బయల్దేరమన్నాడు.

"ఈసారి నేనే చూపిస్తానండి."

"మరి పూజ? మీ అత్తగారొచ్చి నన్ను నూనెలో వేయించేస్తారు," అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. సరే కానివ్వండి, అన్నాడతను.

అంతలో తెగ్యు ఫోను. "బయల్దేరావా? అమ్మ ఒక్కతే అవస్థ పడుతోంది. ఆ కాపీ పనేదో ఎవరికైనా అప్పజెప్పి రావచ్చుగా."

ఎప్పటిలా క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. ఆమె దాన్ని లోపలే ఆపుకుంది.

"ఆయన మీ తాతగారండీ. నేను ఫొటోలో తప్ప చూడలేదు. అట్లు మీరు వేస్తూ ఉండండి. పూజ వేళకి వచ్చి నేనూ మొక్కుతాను."