సిగ్గుపడే బీట

టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరు పోలరాజుకి ఆదివారమంటే ఇళ్లు చూడటమే. చద్దన్నం తిని, భార్య కస్తూరమ్మని సైకిలు వెనక ఎక్కించుకుని బయల్దేరేవాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసేలోగా సొంత గూడు ఉండాలని ఇద్దరికీ ఆశ.

ఆ వారం తాపీమేస్త్రి అప్పన్నని కూడా వెంటబెట్టుకుని గోవింద్‌పూర్‌లో సూర్యకాంతం ఇంటికెళ్లారు. భర్త పోయాక ఒక్కర్తే ఆ ఇంటిని నెట్టుకురాలేక, అమ్మేసి పలాసలో మరిది పంచన చేరాలనుకుంటోంది ఆవిడ.

అప్పన్న గోడలన్నీ తట్టి చూశాడు. పడమటి గోడ మీద వేలు దూరేంత బీట కనబడింది. దగ్గరికెళ్లేసరికి అది పక్కగదిలోకి జారుకుంది. అక్కడికెళ్తే కేలండరు వెనక దాక్కుంది.

"కొత్తోళ్లంటే దానికి సిగ్గు," అంది సూర్యకాంతం. "కూకోండి, టీ తాగండి. అదే వత్తాది."

ఊరి కబుర్లలో పడ్డారు. గ్లాసులు సగమయ్యేసరికి బీట మెల్లిగా బయటికొచ్చి, గోడ వెంటే దిగి, వంటింటి మూల నేల దగ్గర ఆగింది. అప్పన్న అక్కడ తవ్వాడు. స్నానాలగది నీళ్లు ఇంకి ఇంకి పునాది కింద మట్టి కొట్టుకుపోయింది. తూము మార్చి, కింద కాంక్రీటు నింపితే గానీ ఇల్లు నిలవదన్నాడు.

సూర్యకాంతం తల దించుకుంది. ఇంతకుముందు వచ్చినవాళ్లంతా ఈ మాట వినే వెళ్లిపోయారు. పోలరాజు కూడా లేచి సైకిలు తాళం తీశాడు. కస్తూరమ్మ మాత్రం కదల్లేదు. ముందు ఖర్చు చెరిసగం పెట్టుకుని బాగుచేద్దాం, బేరం తర్వాత మాట్లాడుకుందాం అంది.

పోలరాజు సెలవు పెట్టి మట్టి తవ్వాడు. ఆడవాళ్లిద్దరూ ఇసుక మోశారు, మధ్యాహ్నాలు కలిసి వండారు. చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర రోజూ పోట్లాడుకుని, రోజూ నవ్వుకున్నారు.

కాంక్రీటు గట్టిపడ్డాక బీటకి గోడల్లో చోటు లేకపోయింది. నేలమీదికి దిగి, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తిన్నగా నడిచి, పెరట్లో మట్టిలో కలిసిపోయింది. అది నడిచినంత మేరా సన్నటి గీత మిగిలింది. అటు రెండు గదులూ వంటిల్లూ. ఇటు ఒక గదీ, పొయ్యి పెట్టుకునేంత వసారా.

పోలరాజు గీతకి అటూ ఇటూ చూశాడు.

"మనకి అటేపు సాలదేటి?" అన్నాడు భార్యతో.

కస్తూరమ్మ సూర్యకాంతం చెయ్యి పట్టుకుంది. "ఇటేపు అమ్మెయ్యకు పిన్నీ, నువ్వే ఉండు. పలాస ఎల్లి ఏటి సేత్తావు?"

సూర్యకాంతం ప్రయాణానికి సర్దిన ట్రంకుపెట్టె తెరిచి, చీరలు ఒక్కొక్కటే తీసి, వసారా పక్క గదిలో దండెం మీద వేసింది.